అరువదినాలుగు గళ్ళ లెక్క

మా బాల్యమున మాకు కంఠస్థమైన పద్యములలో నొకదాని యర్థము నిజముగా బోధపడుటకు మాకు దాదాపు అరువది యేండ్లు పట్టినది. అది భక్తిపద్యము కాదు, నీతిపద్యమును కాదు. అందు కథ లేదు, వర్ణన లేదు. ఒక్క సంఖ్య మాత్రమున్నది. చంద్రుడు, బాణములు, కొండలు, ఏనుగులు మొదలగువాని పేళ్ళు పూలదండవలె ఒకదాని వెంట నొకటి వచ్చుచుండును. తెలియనివాడు విన్నచో ఏ రాజుగారి వైభవమునో పొగడుచున్నారని యనుకొనవచ్చును. అది పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన చంపకమాల. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దిలో సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనుగు పద్యములలోనికి తెచ్చిన మహనీయు డితడు. పెద్దలీతనిని పదునొకండవ శతాబ్దివానిగా చెప్పుదురు. నన్నయభట్టు భారతమును తెనిగించిన కాలమునకు ఇంచుమించుగానే మన భాషలో లెక్కలపుస్తకము కూడ పుట్టినదని వినునప్పుడు మాకిప్పటికిని ఒడలు పులకరించును.

గోదావరి మండలములోని యొక పల్లెలో మా తాతగారి యింటి వీధియరుగుమీద మేమీ పద్యమును నేర్చితిమి. అప్పటికి మాకు ఏడేండ్లు. ఇంటికి ఎవరు వచ్చినను తాతగారు మమ్ము పిలిచి దానిని చదివించెడివారు. చదివినందుకు కొబ్బరిముక్కయు బెల్లమును లభించెడివి. వచ్చినవారిలో కొందరు, "ఆడపిల్లకు లెక్కలెందుకండీ?" యనెడివారు. "పాలవాని లెక్క చూచుకొనడానికైనా కావాలి కదండీ" యని తాతగారు నవ్వెడివారు. ఆ కాలపు పల్లెటూరిలో అది చిన్న మాట కాదు. అయినను ఒక్క సంగతి చెప్పక తప్పదు. తాతగారు మాకు పద్యమును నేర్పిరి, పద్యములోని యంకెలను విడదీయుట నేర్పిరి. అంతటితో మాకు లెక్క వచ్చినదని వారును అనుకొనిరి, మేమును అనుకొంటిమి.

అంకెలను విడదీయు పద్ధతి యిది. ఆకాశమన సున్న, చంద్రుడన ఒకటి, అగ్నులన మూడు, వేదములన నాలుగు, మన్మథుని బాణములు గనుక బాణములన అయిదు, తర్కములన ఆరు, కొండలన ఏడు, దిక్కులను మోయు ఏనుగులు గనుక ఏనుగులన ఎనిమిది, దేహరంధ్రములన తొమ్మిది. మొదట వచ్చిన పేరు ఒకట్ల స్థానమున నుండును. తరువాతివి వరుసగా ఎడమవైపునకు నడచును. ఇరువది పేళ్ళకు ఇరువది యంకెలు వచ్చును. వానిని పలకమీద వ్రాసినచో తేలునది 1,84,467 కోటికోట్లు, ఆపైన 44,07,370 కోట్లు, ఆపైన 95,51,615. కలిపి వ్రాసినచో 18446744073709551615.

చదరంగమును కనిపెట్టినవాడు రాజును కోరిన వరము చదువరులెల్లరు విన్నదే. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు ప్రతి గడికిని రెట్టించుచు అరువదినాలుగు గళ్ళును నింపుమని యాతడు కోరెను, రాజు నవ్వి సరేయనెను, తరువాత నవ్వలేకపోయెను. ఈ కథను పదమూడవ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాను అను అరబ్బు గ్రంథకర్త వ్రాసియుంచెను. అతనికి రెండున్నర శతాబ్దులు ముందే అల్బెరూనీ ఈ మొత్తమును లెక్కించి చూపెను. ముతక బియ్యపు గింజలు ఏబది తూగిన ఒక గ్రామని పెట్టుకొన్నచో, రాజు ఈయవలసిన బియ్యము సుమారు 37 వేల కోట్ల టన్నులగును. నేడు భూమిమీది వరిపొలములన్నియు కలిసి ఏటికి ఏబది కోట్ల టన్నులకు కొంచెము మించి బియ్యమును పండించుచున్నవి. ఆ లెక్కన ఈ యొక్క వరమునకు ఏడువందల యేండ్ల పంట కావలెను.

ఇంత సంఖ్యను రాబట్టుటకు అరువదిసార్లు రెట్టింపవలెనని చదువరులు బెదరనక్కరలేదు. రెండును రెండుచే గుణించిన నాలుగు. నాలుగును నాలుగుచే గుణించిన పదునారు. పదునారును దానిచేతనే గుణించిన 256. మరల నట్లే చేసిన 65,536. ఇంకొకసారి చేసిన 4,29,49,67,296. ఆరవసారి చేసి, వచ్చినదానిలో ఒకటి తీసివేసిన మల్లన సంఖ్య. ఆరు గుణకారములు, ఒక తీసివేత, అంతే. ఈ యుపాయమును మన పింగళుడు ఛందశ్శాస్త్రమున ఎన్నడో చెప్పియున్నాడు. గురులఘువుల కూర్పుచే ఇన్ని యక్షరముల పాదమునకు ఎన్ని వృత్తములు పుట్టునని తెలిసికొనుటకు, అక్షరముల సంఖ్యను సగము చేసికొనుచు పోయి, తిరిగి వచ్చునప్పుడు వర్గము చేసికొనుచు రమ్మని యాతని విధానము.

మేము ముప్పది యేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పితిమి. కావున ఛందస్సులోని సంఖ్యలు మాకు నోటనుండును. ఒక్క యక్షరముగల ఉక్త మొదలుకొని ఇరువదియా రక్షరములుగల ఉత్కృతి వరకు ఇరువదియారు ఛందస్సులు. ఒక దానికంటె తరువాతి దానిలో వృత్తములు రెండింతలు. అన్నియు కలిపిన 13,42,17,726 సమవృత్తములగునని ఎందరు విద్యార్థులచేత వల్లె వేయించితిమో! ఈ సంఖ్య మల్లన సంఖ్యకు చెల్లెలని మాత్రము మాకు తోచలేదు. దీనికి ఒకటి కలిపినచో చదరంగపు బల్లలో మొదటి యిరువదియేడు గళ్ళ గింజలగును. రెండును ఒకే తీరున పుట్టినవి.

ఇంతవరకు చెప్పినది గర్వముతో చెప్పదగినది. ఇక చెప్పబోవునది అట్టిది కాదు.

ఎనిమిదేండ్ల క్రిందట, మేము ఉద్యోగమునుండి విరమించిన తరువాత, మాతో పూర్వము పనిచేసిన యొకామె మా యింటికి వచ్చి ఒక పథకమును గూర్చి చెప్పెను. చేరువారు 5,000 రూపాయలు కట్టవలెను. కట్టినందుకు ఏదో ఆరోగ్యమునకు మంచిదని ఒక పొడి డబ్బా ఇత్తురు. చేరినవారు తమ క్రింద ఇద్దరిని చేర్పవలెను. ఆ యిద్దరును చెరి యిద్దరిని చేర్పవలెను. అట్లు క్రింద ఆరుగురు నిండినచో పైనున్నవారికి 15,000 రూపాయలు వచ్చును. ఆమెకు వచ్చినవి. బ్యాంకు పుస్తకము తెచ్చి చూపెను. ఆమె పైనున్నవారికిని వచ్చినవి. అబద్ధమేమియు లేదు.

మేము చేరితిమి. మా వదినగారిని చేర్చితిమి. రెండవవారుగా మా యింట వంట చేయునామెను చేర్చితిమి. ఆమె యొద్ద అంత సొమ్ము లేకున్నచో జీతములో పట్టుకొందుమని మేమే మొదట కట్టితిమి. వదినగారు తమ చెల్లెలిని, పొరుగింటామెను చేర్చిరి. వంటామె పూలమ్ముకొను తన చెల్లెలిని, తన వియ్యపురాలిని చేర్చెను. నలువది దినములలో ఆరుగురును నిండిరి. మాకు 15,000 రూపాయలు వచ్చినవి. ఆ సొమ్ములో కొంత పెట్టి మనుమరాలికి వెండి పట్టీలు చేయించితిమి.

తరువాత నెలలు గడచినవి. వదినగారి వరుసలో ఇంకొక్కరు మాత్రము చేరిరి. వంటామె వరుసలో ఎవరును చేరలేదు. ఒకనాడు ఆ కార్యాలయమునకు తాళము పడినది. వంటామె మాతో నేమియు అనలేదు. ఒకసారి మాత్రము, "ఆ డబ్బు ఇంక రాదేమోనమ్మగారూ" యనెను. అప్పుడు మేమిచ్చిన ప్రత్యుత్తరమును దాచుకొనవలెనని యున్నను దాచము. "మీవాళ్ళు ఇంకొంచెం తిరిగి ఇంకొందరిని చేర్చవలసిందండీ. అశ్రద్ధ చేశారు" అంటిమి. ఆమె తలయూపి, అంట్లగిన్నెలు తీసికొని పెరటిలోనికి పోయెను. మేము చెప్పినమాట న్యాయమేయని మాకప్పుడు తోచినది. మాకు శ్రద్ధ కలదు, కావున మాకు వచ్చినది.

మరుసటి వేసవిలో మా మనుమరాలు సెలవులకు వచ్చెను. దానికి ఎనిమిదేండ్లు. చదరంగము నేర్చుకొనుచున్నది. ఆ బల్లను చూడగనే మాకు తాతగారు జ్ఞప్తికి వచ్చి, కథ చెప్పి, పద్యము చదివి, అంకెలు విడదీసి కాగితముమీద వ్రాసి చూపితిమి. పిల్ల ఆ సంఖ్యను చాలసేపు చూచి, మేమరువది యేండ్లలో చూడని సంగతిని చూచెను. "అమ్మమ్మా, ఇందులో రెండు ఒక్కటి కూడా లేదే!" యనెను. నిజమే. రెండును రెండింతలు చేయగా చేయగా పుట్టిన యీ యిరువది యంకెల సంఖ్యలో రెండను నంకె యొక్కచోటనైనను లేదు. ఇందులో గొప్ప రహస్యమేదియో యున్నదని మేమనము. అట్లు జరిగినది, అంతే. కాని మేము వల్లించుచుండ, ఆ పిల్ల చూచుచున్నదని మాకు స్పష్టమైనది.

అది అంతటితో ఊరకుండక, బియ్యపు గిన్నె తెచ్చుకొని గళ్ళలో గింజలు పేర్చ మొదలుపెట్టెను. మొదటి వరుస చివరి గడిలో 128 గింజలు. అవి లెక్కించి పేర్చుటకే అరగంట పట్టినది. గింజలు గడిలో పట్టక ప్రక్కలకు జారుచుండెను. తరువాత వెనుకటి గళ్ళను కూడుకొని, "ముందటి ఏడు గళ్ళలో 127. ఈ ఒక్కదానిలో 128. అమ్మమ్మా, ఆఖరి గడిలో ఎప్పుడూ మిగతా అన్నిటికన్నా ఒక గింజ ఎక్కువేనా?" యని యడిగెను.

ఎప్పుడును అంతే. ఒకటియు రెండును కలిసిన మూడు. తరువాతి గడి నాలుగు. నాలుగును చేర్చిన ఏడు. తరువాతి గడి ఎనిమిది. ఒకచోట ఒకటి తక్కువైనచో తరువాతి చోటను ఒకటియే తక్కువగును. ఏలయన ఇటును అటును సమముగానే పెరుగుచున్నది. కావున బల్ల యెంత పెద్దదైనను, చివరి గడియొక్కటియే వెనుకటి గళ్ళన్నింటిని మించును. "అవునమ్మా, ఎప్పుడూ అంతే" యని చెప్పితిమి. చెప్పిన మాట మా చెవిని పడినది. మేమక్కడ కూర్చుండలేక లేచి లోపలికి పోతిమి.

ఆ రాత్రి కాగితముమీద వ్రాసికొన్న లెక్క యిది. గింజలకు మారుగా మనుష్యులను పెట్టితిమి. పైన ఒకరు, వారి క్రింద ఇద్దరు, వారి క్రింద నలుగురు. ఆ పథకమున సొమ్ము వచ్చుటకు తమ క్రింద రెండు వరుసలు నిండవలెను. కావున పథకము ఏనాడు ఆగిపోయినను, ఆనాటి చివరి రెండు వరుసలవారికి ఏమియు రాదు. చివరి రెండు గళ్ళలోని గింజలు బల్లమీది మొత్తములో ముప్పాతికకు మించును. పది వరుసలు నిండినవనుకొందము. చేరినవారు 1,023 మంది. చివరి రెండు వరుసలలో 256, 512, కలిసి 768 మంది. వీరి సొమ్ము పోయినట్లే. పైనున్న 255 మందికి తలకు 15,000 చొప్పున 38,25,000 రూపాయలు ముట్టినవి. వసూలైనది 51,15,000. మిగిలిన 12,90,000 పథకము నడపినవారి పెట్టెలోనికి పోయినది. ఇందులో ఎవరి శ్రద్ధకును అశ్రద్ధకును చోటెక్కడ? ఒకరు మిక్కిలి శ్రద్ధగా తిరిగినచో తాము పైవరుసవారగుదురు. ఆ శ్రద్ధయే క్రింద ఇంకను ఎక్కువమందిని ముంచును. నష్టపోవువారి పాలు మారదు. ముప్పాతికకు చిల్లర ఎక్కువ, ఎప్పటికిని ముప్పాతికకు చిల్లర ఎక్కువ.

అసలు ఆగకుండ సాగినచో అందరికిని వచ్చును గదా యని వాదించువారు కలరు. మేమును వాదించి చూచుకొంటిమి. పైనున్న యొక్కరితో కలిపి ఇరువదియేడు వరుసలు నిండుటకు కావలసినవారు 13,42,17,727 మంది. మా ఛందస్సు లెక్కకు ఒకటి యెక్కువ! 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో అప్పటి యుమ్మడి ఆంధ్రప్రదేశమందలి జనులు, చంటిపిల్లలతో సహా, సుమారు 8 కోట్ల 46 లక్షలు. ముప్పదిమూడు వరుసలకు 858 కోట్లకు పైగా కావలెను. 2022 నవంబరులో ప్రపంచ జనసంఖ్య 800 కోట్లకు చేరినదని ఐక్యరాజ్యసమితి ప్రకటించెను. అరువదినాలుగు గళ్ళ బల్లలో సగమునకు ఒక్క గడి దాటునప్పటికే మనుష్యజాతి చాలదు. పార్లమెంటు 1978లోనే ఇట్టి గొలుసు పథకములను నిషేధించుచు చట్టము చేసినది. దాని ప్రకారము నడపుట మాత్రమే కాదు, చేరుటయు చేర్చుటయు కూడ నేరమే. ఆ చట్టము సంగతి మేము తరువాత తెలిసికొంటిమి. కాని పద్యము మాకు ఏడవయేటనే వచ్చును.

నిద్ర పట్టక, ఆ సంఖ్యనే పట్టుకొని దాని కారణాంకములను తీయ నారంభించితిమి. మనస్సు కలతపడినప్పుడు కొందరు జపము చేసికొందురు. మాకు పెన్సిలు దొరికినది. చివర అయిదున్నది గనుక అయిదుచే భాగింపబడును. అంకెలు కూడిన 87, గనుక మూడుచే భాగింపబడును, తొమ్మిదిచే కాదు. అటుపైన ఒక సులభమైన త్రోవ కలదు. ఒక సంఖ్య వర్గమునుండి ఒకటి తీసినచో, ఆ సంఖ్యకు ఒకటి తక్కువయు ఒకటి ఎక్కువయు దానిని భాగించును. ఈ సూత్రముచే విప్పుకొనుచు పోగా మల్లన సంఖ్య ఆరు సంఖ్యల గుణకారముగా విడిపోయినది: 3, 5, 17, 257, 65,537, చివరిది 4,29,49,67,297. ఈ యారింటిని మేమే మొదట చూచినట్లు సంతోషించితిమి గాని, ఇవి లోకప్రసిద్ధములని పుస్తకములు వెదకిన తరువాత తెలిసినది.

ఫ్రాన్సుదేశపు ఫెర్మా అను గణితజ్ఞుడు పదునేడవ శతాబ్దిలో వీనిని పరిశీలించెను. మొదటి అయిదును ప్రధానసంఖ్యలే. అనగా ఒకటియు తామును తప్ప వేరేదియు వానిని భాగింపదు. అయిదును అట్లుండుట చూచి, ఈ క్రమమున వచ్చునవన్నియు అట్టివేయని యాతడు నమ్మెను. అంతటి మేధావి! దాదాపు నూరేండ్ల పిమ్మట, 1732లో, ఆయిలరు అను స్విట్జర్లాండు పండితుడు ఆరవదానిని 641 భాగించుచున్నదని కనిపెట్టెను. 641ని 67,00,417చే గుణించిన సరిగా 4,29,49,67,297 వచ్చును. మేమును గుణించి చూచితిమి. మొదటిసారి తప్పు వచ్చినది. అంకెలు కూడి తొమ్మిదులు తీసివేయు పాతపద్ధతిచే తప్పు పట్టుకొని మరల చేసితిమి. మొదటి అయిదింటిలో కొన్ని భుజములుగల క్రమబహుభుజిని వృత్తలేఖినియు కొలబద్దయు మాత్రమే పట్టి గీయుటకు వీలగునని, పదునేడు భుజములదానిని పట్టుకొని 1796లో గౌసు నిరూపించిన కథ ఇంకొకటి కలదు; అది మనోహరమైనదే కాని మా మనస్సు ఆ రాత్రి దానిమీద నిలువలేదు. ఫెర్మాయొద్దనే నిలిచినది. అయిదుసార్లు నిజమైనది గదా యని ఆరవది నమ్మెను. మాకు బ్యాంకు పుస్తకము చూపినామెకు వచ్చినది, ఆమె పైవారికి వచ్చినది, వారి పైవారికి వచ్చినది. ఫెర్మా పొరపాటువలన ఎవరి అయిదువేలును పోలేదు.

తెల్లవారిన తరువాత మేమొక నిర్ణయమునకు వచ్చితిమి. మేము కట్టినది 5,000, మాకు వచ్చినది 15,000, లాభము 10,000. మేము స్వయముగా చేర్చినవారు ఇద్దరు. తలకొక 5,000 తిరిగి యిచ్చినచో లాభము పోవును, లెక్క సరిపోవును. ఇంత చక్కగా సరిపోయినందుకు మాకు కొంత తృప్తి కూడ కలిగినది. వదినగారి యింటికి పోయి సొమ్ము ఈయబోగా, "నన్ను మోసం చేశానని ఒప్పుకొంటున్నావన్నమాట" యని వారు కవరు ముట్టక లోపలికి పోయిరి. కవరును బల్లమీద పెట్టి వచ్చితిమి.

వంటామె మధ్యాహ్నము పని ముగించుకొనునప్పుడు పిలిచి, 5,000 రూపాయలు చేతికిచ్చి, సంగతి చెప్పితిమి. చదరంగము చెప్పితిమి, గళ్ళు చెప్పితిమి, చివరి రెండు వరుసల మాట చెప్పితిమి. ఆమె నిలువబడియే వినెను. కూర్చుండుమన్నను కూర్చుండలేదు. నోట్లు లెక్కపెట్టుకొని రెండు భాగములుగా చేసెను.

"ఇది మా చెల్లెలికి, ఇది మా వియ్యపురాలికి. ఇంక చెల్లెలికి వెయ్యి మిగిలిందమ్మగారూ, వియ్యపురాలికి రెండువేలు" యనెను.

మాకు తెలియలేదు. అడుగగా చెప్పెను. దసరానుండి ఆమె మేమిచ్చు జీతములోనుండి నెలకు కొంత తీసి ఆ యిద్దరికి ఇచ్చుచున్నదట. చెల్లెలికి ఇప్పటికి పదునైదువందలు, వియ్యపురాలికి అయిదువందలు ముట్టినవట. "నేను చెబితేనేగా వాళ్ళు కట్టింది" యనెను. మరి నీ 5,000 మాటయేమని యడుగుటకు మాకు నోరు రాలేదు. ఆమెయే కొంతసేపటికి, "నాది తర్వాత చూద్దాం లెండి" యని, పెరటి తలుపు దగ్గర వేసి వెళ్ళిపోయెను.

మేము కాగితము మరల తీసితిమి. మా క్రింద ఆరుగురు. ఆరు అయిదువేలు ముప్పదివేలు. మాకు చేతికి వచ్చినది అందులో సగమే. తక్కిన సగము పైకి పోయినది. పైకి పోయినదానికి మేమేల పూచీయని ఒక గంట ఆలోచించితిమి. న్యాయశాస్త్రము తెలిసినవారు దీనికేమి చెప్పుదురో తెలియదు. కాని వంటామె లెక్కలో ఆ ప్రశ్నయే లేదు. ఆమెకు చేతికి రూపాయి రాలేదు. అయినను ఇద్దరికిని ఇచ్చుచున్నది.

ఆపైన పింఛను వచ్చిన నెలనెల కొంత చొప్పున రెండేండ్లలో అయిదుగురి సొమ్ము తీర్చితిమి. వంటామె తన చెల్లెలికిని వియ్యపురాలికిని అంతకుముందు ఇచ్చిన రెండువేలును లెక్కకట్టి ఆమెకు వేరుగా ఇచ్చితిమి. అందుకు ఆమె మొదట ఒప్పుకొనలేదు. ఆరవవారు వదినగారి పొరుగింటామె. మేము సొమ్ము తీసికొని పోవునప్పటికి వారు ఇల్లు ఖాళీ చేసి కుమారునియొద్దకు పోయిరి. ఏ యూరో మాకు తెలియదు. ఆమె 5,000 రూపాయలు ఒక కవరులో మా బీరువాలో, తాతగారి పుస్తకముల ప్రక్కన ఉన్నవి. చిరునామా వదినగారియొద్ద ఉండును. వారు మాతో మాటలాడుట లేదు. వచ్చే సంక్రాంతికి మరల ఒకసారి వారి గుమ్మమెక్కి అడుగవలసియున్నది.